ఊరంతా ఒకడి మీదే వేలు చూపిస్తే: 'రేవెన్ బ్లాక్' నవల ఎలా చదవాలి?

ఈ ఎపిసోడ్‌లో ఒక డిటెక్టివ్ నవల గురించి మాట్లాడుకుందాం. పేరు 'రేవెన్ బ్లాక్'. రాసింది ఆన్ క్లీవ్స్ అనే బ్రిటిష్ రచయిత్రి. 2006లో వచ్చింది. ఆ ఏడాదే బ్రిటన్‌లో క్రైమ్ నవలలకి ఇచ్చే పెద్ద అవార్డు, డంకన్ లారీ డ్యాగర్, దీనికి దక్కింది. స్కాట్లాండ్‌కి ఉత్తరాన సముద్రం మధ్యలో ఉన్న షెట్లాండ్ ద్వీపాల్లో జరిగే కథ.

ముందే ఒక హామీ. హంతకులు ఎవరో నేను చెప్పను. ముగింపు జోలికి అస్సలు వెళ్ళను. కథ మొదట్లోనే బయటపడే విషయాలు మాత్రమే వాడతాను. కాబట్టి ఈ ఎపిసోడ్ చూశాక కూడా మీరు హాయిగా నవల చదువుకోవచ్చు.

మరి ముగింపు చెప్పకుండా ఇంతసేపు మాట్లాడటానికి ఏముంది అంటారా? ఉంది. ఈ నవలలో "ఎవరు చంపారు?" కంటే పెద్ద ప్రశ్న ఇంకోటుంది. ఒక చిన్న ఊళ్ళో అందరూ కలిసి "వాడే చేశాడు" అని ముందే తేల్చేస్తే, ఆ మనిషి పరిస్థితి ఏంటి? నిజం పరిస్థితి ఏంటి? ఈ ప్రశ్న షెట్లాండ్‌కే కాదు, మన చేతిలో ఉన్న ఫోన్‌కి కూడా సంబంధించింది. ఆ సంగతి చివర్లో చెప్తా.

అసలు ఈ షెట్లాండ్ ఎక్కడుంది?

మ్యాప్ ఓపెన్ చేసి బ్రిటన్ పైకి వెళ్ళండి. స్కాట్లాండ్ అయిపోతుంది. ఓర్క్నీ దీవులు వస్తాయి. అవీ దాటి ఇంకా పైకి వెళ్తే షెట్లాండ్. దాదాపు 100 దీవులు, అందులో మనుషులు ఉండేవి 16. మొత్తం జనాభా 23,000 చుట్టుపక్కల. అంటే మన దగ్గర ఒక చిన్న టౌన్‌లో ఉండేంత మంది, సముద్రంలో చెల్లాచెదురుగా ఉన్నారనుకోండి. ముఖ్య పట్టణం లెర్విక్. అక్కడి నుంచి స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో కంటే నార్వేలోని బెర్గెన్ దగ్గర. 1469 దాకా ఈ దీవులు స్కాట్లాండ్‌వి కూడా కావు. అప్పటి డెన్మార్క్-నార్వే రాజు, తన కూతురి పెళ్ళికి ఇవ్వాల్సిన కట్నం చేతిలో లేక, వీటిని స్కాట్లాండ్ రాజుకి తాకట్టు పెట్టాడు. తాకట్టు విడిపించుకోలేకపోయాడు. కట్నం బాకీలో చేతులు మారిన దీవులు అన్నమాట.

స్కాట్లాండ్‌లోని అబర్డీన్ నుంచి ఫెర్రీ ఎక్కితే రాత్రంతా ప్రయాణం, దాదాపు 12 గంటలు. విమానం ఉంది కానీ, పొగమంచు పట్టినా గాలి తిరగబడినా అది ఎగరదు. చలికాలంలో మధ్యలో ఉండే పగలు ఆరు గంటలు కూడా ఉండదు. వేసవిలో దానికి రివర్స్, అర్ధరాత్రి కూడా పూర్తిగా చీకటి పడదు. ఇంకో విషయం, అక్కడ చెట్లు దాదాపు లేవు. కొండ, గడ్డి, గాలి, సముద్రం. కాబట్టి ఒక ఇంటి కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద ఎవరు వెళ్తున్నారో కిలోమీటరు దూరం నుంచి కనపడుతుంది.

ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి. దాక్కోవడానికి చెట్టు కూడా లేని చోట రహస్యం ఎలా దాగుతుంది? నవల మొత్తం ఈ పజిల్ మీదే నిలబడింది.

కథ ఎలా మొదలవుతుంది?

కొత్త సంవత్సరం రాత్రి. మ్యాగ్నస్ టేట్ అనే ముసలాయన ఒక్కడే ఇంట్లో కూర్చుని ఎదురుచూస్తుంటాడు. అక్కడ కొత్త సంవత్సరం రోజు ఒకరింటికి ఒకరు వెళ్ళి శుభాకాంక్షలు చెప్పుకోవడం ఆనవాయితీ. వచ్చినవాళ్ళకి పెట్టడానికి ఆయన అన్నీ సిద్ధం చేసుకుంటాడు. కానీ ఏళ్ళ తరబడి ఆ గుమ్మం ఎవరూ తొక్కలేదు. మన భాషలో చెప్పాలంటే, ఊరు ఆయన్ని వెలివేసింది. పంచాయతీ పెట్టి కాదు, చాటింపు వేసి కాదు. ఊరికే, మాట్లాడటం మానేసింది.

ఎందుకు? ఎనిమిదేళ్ళ క్రితం కట్రియోనా బ్రూస్ అనే 11 ఏళ్ళ పాప కనపడకుండా పోయింది. శవం దొరకలేదు, సాక్ష్యం దొరకలేదు. పోలీసులు మ్యాగ్నస్‌ని ప్రశ్నించి వదిలేశారు. కానీ ఊరు వదల్లేదు.

ఆ రాత్రి ఇద్దరు స్కూల్ అమ్మాయిలు, శాలీ, క్యాథరిన్, తాగిన మత్తులో సరదాకి ఆయన తలుపు కొడతారు. ఆయన సంబరపడిపోయి లోపలికి పిలుస్తాడు. కొన్ని రోజులకి క్యాథరిన్ ఆయన ఇంటి దగ్గర్లోనే మంచులో శవమై కనిపిస్తుంది. తెల్లటి మంచు, మెడలో ఎర్రటి స్కార్ఫ్, పైన తిరుగుతున్న నల్లటి రేవెన్ పక్షులు. రేవెన్ అంటే కాకి జాతిలో పెద్దది, మన మాలకాకి లాంటిది. నవల పేరు అక్కడి నుంచే వచ్చింది. మంచు మీద ఆ నల్ల పక్షుల్ని షెట్లాండ్‌లో కళ్ళారా చూసినప్పుడే ఈ కథ ఆలోచన పుట్టిందని రచయిత్రి చెప్పారు.

ఇక ఊరికి దర్యాప్తు అవసరం లేదు. తీర్పు రెడీగా ఉంది. అప్పుడు పాప పోయింది, ఇప్పుడు ఈ అమ్మాయి. రెండుసార్లూ దగ్గర్లో ఉన్నది ఎవరు? మ్యాగ్నస్. కేస్ క్లోజ్.

డిటెక్టివ్ కథకి ద్వీపం ఎందుకు?

ఇక్కడ కొంచెం టెక్నికల్‌గా మాట్లాడుకుందాం. ద్వీపాల మీద జరిగే డిటెక్టివ్ కథల్ని నేను రెండు రకాలుగా చూస్తాను.

మొదటి రకానికి బెస్ట్ ఎగ్జాంపుల్ అగాథా క్రిస్టీ 1939 నాటి నవల 'అండ్ దెన్ దేర్ వర్ నన్'. ఒకరికొకరు తెలియని పది మందిని ఒక ద్వీపానికి రప్పిస్తారు. పడవ రాదు. ఒక్కొక్కరే చనిపోతుంటారు. ఇందులో ద్వీపం అంటే తాళం వేసిన గది. దాని పని ఒక్కటే, ఎవర్నీ బయటికి పోనివ్వకపోవడం. ఆ ద్వీపం తీసేసి మంచులో ఆగిపోయిన రైలు పెట్టినా కథ నడుస్తుంది. క్రిస్టీ అది కూడా రాసింది, 1934లో.

రెండో రకం 'రేవెన్ బ్లాక్'. ఇక్కడ ద్వీపం గది కాదు, ఊరు. ఇక్కడ జనం పది రోజుల కోసం రాలేదు. పుట్టారు, ఇక్కడే బతకాలి, ఇక్కడే పోవాలి. ప్రతి మనిషికీ ఇంకో మనిషితో కనీసం రెండు మూడు లింకులు ఉంటాయి. స్కూల్ టీచరమ్మ చనిపోయిన అమ్మాయి ఫ్రెండ్‌కి తల్లి. శవాన్ని మొదట చూసిన ఆవిడ మాజీ భర్త, కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్‌కి చిన్ననాటి స్నేహితుడు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇది లిస్ట్ కాదు, గ్రాఫ్. క్రిస్టీ నవలలో పది మంది అనుమానితుల లిస్ట్ ఉంటుంది, ఒక్కొక్క పేరూ కొట్టేసుకుంటూ పోవచ్చు. ఇక్కడ ఒక్క నోడ్‌ని కదిపితే పక్కన నాలుగు కదులుతాయి. ఒకడిని అరెస్ట్ చేస్తే ఇంకొకరి కాపురం కదులుతుంది.

మన తెలుగు డిటెక్టివ్ నవలలతో పోల్చి చూడండి. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ కథలు మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు. క్లయింట్ వస్తాడు, కేసు చెప్తాడు, యుగంధర్, అసిస్టెంట్ రాజు రంగంలోకి దిగుతారు. కేసు తేలాక వాళ్ళ దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. ఆ మజా వేరు. కానీ ద్వీపం కథలో డిటెక్టివ్ కేసు ముగించి వెళ్ళిపోలేడు. రేపు పొద్దున అదే షాపులో, అదే మనుషుల పక్కన క్యూలో నిలబడాలి.

లోపలివాడా, బయటివాడా?

ఇన్‌స్పెక్టర్ పేరు జిమ్మీ పెరెజ్. స్కాట్లాండ్‌లో స్పానిష్ ఇంటిపేరు ఏంటి అనిపిస్తుంది కదా? దీని వెనక నిజమైన చరిత్ర ఉంది. 1588లో ఇంగ్లండ్ మీద దండెత్తి ఓడిపోయిన స్పానిష్ ఆర్మడాలోని 'ఎల్ గ్రాన్ గ్రిఫాన్' అనే ఓడ తిరుగుదారిలో ఫెయిర్ ఐల్ అనే చిన్న ద్వీపం దగ్గర పగిలిపోయింది. అందులోని మనుషులు కొన్ని వారాల పాటు ఆ ద్వీపంలోనే ఉండిపోయారు. ఆ చరిత్ర పట్టుకుని, వాళ్ళలో ఒకరి వంశంలో పుట్టినవాడిగా రచయిత్రి పెరెజ్‌ని కల్పించారు.

ఫెయిర్ ఐల్ షెట్లాండ్‌కీ ఓర్క్నీకీ మధ్యలో ఉంటుంది. అక్కడ ఉండేది పదుల సంఖ్యలో జనం. అంటే షెట్లాండ్ మనకి మారుమూల అయితే, షెట్లాండ్ వాళ్ళకి ఫెయిర్ ఐల్ మారుమూల. అక్కడి పిల్లలు పెద్ద స్కూల్ కోసం లెర్విక్ వచ్చి హాస్టల్‌లో ఉండాలి. నవలలో పెరెజ్ కూడా అలా హాస్టల్లో పెరిగినవాడే. చిన్నప్పుడే ఊరు వదిలి హాస్టల్‌కి వెళ్ళిన వాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. సెలవులకి ఇంటికెళ్తే "ఎప్పుడొచ్చావ్, మళ్ళీ ఎప్పుడెళ్తావ్" అని అడిగే ఊరు. పెరెజ్‌ది సరిగ్గా అదే స్థితి.

కాబట్టి షెట్లాండ్‌లో పెరెజ్ లోపలివాడు కూడా, బయటివాడు కూడా. యాస తెలుసు, మర్యాద తెలుసు, ఎవరి ముందు ఎప్పుడు మౌనంగా ఉండాలో తెలుసు. కానీ పూర్తిగా వాళ్ళవాడు కాదు. కేసు పెద్దది కాబట్టి ఇన్వర్నెస్ నుంచి రాయ్ టేలర్ అనే పై అధికారి టీమ్‌తో దిగుతాడు. అతను పూర్తిగా బయటివాడు. వీళ్ళిద్దరూ ఒకే సాక్ష్యాన్ని ఎలా చదువుతారో గమనించండి. టేలర్‌కి తొందర, కానీ పాత పగలు లేవు. పెరెజ్‌కి ఓపిక, కానీ మొహమాటాలున్నాయి. ఎవరు కరెక్ట్ అని నవల ఒక్క మాటలో తేల్చదు. ఇద్దరూ కావాలి అంటుంది.

ఇక చనిపోయిన క్యాథరిన్ కూడా బయటి నుంచి వచ్చిన అమ్మాయే. ఇంగ్లండ్ నుంచి తండ్రితో వచ్చింది. చేతిలో వీడియో కెమెరా పట్టుకుని ఆ ఊరి మీద సినిమా తీస్తుంటుంది. పుట్టినప్పటి నుంచి ఉన్నవాళ్ళు చూడటం మానేసినవి కొత్తవాళ్ళకి కనపడతాయి. నాలాగా కెమెరా ముందు కూర్చునేవాళ్ళకి ఇది ఇంకొంచెం గట్టిగా తగులుతుంది. ఒక చిన్న ఊళ్ళో కెమెరా ఆన్ చేయడం అంటే మామూలు పని కాదు. అవతలివాళ్ళు చూపించాలనుకున్నది ఒకటి, కెమెరాలో పడేది ఇంకొకటి.

"అందరికీ తెలుసు" అంటే ఎవరికి తెలుసు?

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. మ్యాగ్నస్ గురించి ఊరికి తెలిసింది ఏంటి? ఒక్కడే ఉంటాడు. మాట నెమ్మది. భయపడ్డప్పుడు కూడా మొహం మీద ఒక వింత నవ్వు ఉంటుంది. ఎవరికీ ఏమీ చెప్పొద్దని తల్లి నేర్పిన మాట బుర్రలో నాటుకుపోయింది, అందుకే ప్రశ్నిస్తే మౌనం. ఇంట్లో గాయపడిన ఒక రేవెన్‌ని పెంచుకుంటున్నాడు.

వీటిలో సాక్ష్యం ఏది చెప్పండి? ఒక్కటీ లేదు. అన్నీ లక్షణాలు. కానీ "వాడే చేశాడు" అని ముందే ఫిక్స్ అయిన కళ్ళకి అన్నీ సాక్ష్యాల్లాగే కనపడతాయి. నవ్వితే పొగరు, మౌనంగా ఉంటే తప్పు ఒప్పుకున్నట్టు, పలకరిస్తే పిల్లల్ని మచ్చిక చేసుకుంటున్నట్టు. ఆయన ఏం చేసినా ఒకటే జవాబు వస్తుంది. ఏ ఇన్‌పుట్ ఇచ్చినా ఒకే అవుట్‌పుట్ వస్తుంటే మనం ఏమంటాం? ప్రోగ్రామ్ ఇన్‌పుట్‌ని చదవట్లేదు, జవాబు ముందే రాసిపెట్టి ఉంది అంటాం.

మనకో సామెత ఉంది కదా, నిప్పు లేనిదే పొగ రాదు అని. ఆ ఊరి లాజిక్ అంతా ఇదే. సామెతలో తప్పు లేదు. కానీ పొగ కనపడితే నిప్పు ఉందని తెలుస్తుంది, అంటించింది ఎవరో తెలియదు. ఊరు ఈ రెండో మెట్టు దగ్గర దూకేస్తుంది. పైగా ఎనిమిదేళ్ళ నాటి పొగని చూపించి ఇవాళ్టి నిప్పు కూడా వాడిదే అంటుంది. మొదటి కేసులో తేలనిది రెండో కేసుకి రుజువు ఎలా అవుతుంది? రెండు సున్నాలు కలిపితే సున్నానే కదా.

దీనివల్ల నష్టం ఒక్క మ్యాగ్నస్‌కే కాదు, అది గమనించండి. ఊరంతా ఒకే వైపు చూస్తున్నప్పుడు మిగతా వైపులన్నీ ఖాళీ. "ఆ రోజు నువ్వెక్కడున్నావ్?" అని ఇంకెవర్నీ ఎవరూ గట్టిగా అడగరు. ఒకరి మీద తొందరపడి ముద్ర వేయడం అంటే, మిగతా అందరికీ క్లీన్ చిట్ ఇచ్చేయడమే. నేరం చేసినవాళ్ళకి అంతకంటే ఏం కావాలి?

అలాగని మ్యాగ్నస్ అమాయకుడే అని రచయిత్రి మనకి ముందే చేతిలో పెట్టరు. ఆయన కోణంలోంచి నడిచే భాగాలున్నాయి, అయినా ఆయన మనకి అన్నీ చెప్పడు. జాలి పడుతూనే అనుమానిస్తాం. అనుమానిస్తూనే సిగ్గుపడతాం. నవల బలం అక్కడుంది.

మన ఫోన్‌లో ఉన్న ద్వీపం

2018 మే నెల గుర్తు చేసుకోండి. పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో మెసేజ్‌లు, వీడియోలు. తెలంగాణలో, ఆంధ్రలో కూడా ఊళ్ళకి కొత్తగా వచ్చినవాళ్ళ మీద, అడుక్కునేవాళ్ళ మీద, మతిస్థిమితం లేనివాళ్ళ మీద దాడులు జరిగాయి. ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్‌లకి మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరికీ పంపి, డప్పు కొట్టించి, జానపద పాటలతో ఈ పుకార్లు అబద్ధమని చెప్పించారు.

ఇప్పుడు ఆలోచించండి. అక్కడ సముద్రం లేదు, ఫెర్రీ లేదు. కానీ ప్యాటర్న్ సేమ్. ఫ్యామిలీ గ్రూప్, కాలనీ గ్రూప్, కాలేజ్ గ్రూప్, ఒక్కొక్కటీ ఒక్కో ద్వీపం. లోపల అందరూ తెలిసినవాళ్ళే, కాబట్టి వచ్చిన మాటని చెక్ చేయం. బాబాయ్ పెట్టాడు కదా, నిజమే అయ్యుంటుంది అనుకుంటాం. బాబాయ్ అబద్ధం చెప్పడు, కరెక్టే. కానీ బాబాయ్‌కి ఎవరు పంపారు? ఆయనకి ఎవరు? ఈ ప్రశ్న వేయడం నేర్పే పుస్తకం అంటే నా దృష్టిలో మంచి డిటెక్టివ్ నవలే.

సరే, ఎలా చదవాలి?

నాలుగు చిన్న టిప్స్ ఇస్తా.

ఒకటి, పేర్లు రాసుకోండి. ఫోన్‌లో నోట్స్ యాప్ చాలు. పేరు రాసి పక్కన "ఎవరికి ఏమవుతారు" అని రాయండి. మొదటి 50 పేజీల్లో విదేశీ పేర్లు కలగాపులగం అయిపోయి చాలామంది పుస్తకం పక్కన పడేస్తారు. ఆ గండం దాటితే పరుగే. నవల నలుగురి కోణాల్లో మారుతూ నడుస్తుంది: మ్యాగ్నస్, శాలీ, శవాన్ని చూసిన ఆర్టిస్ట్ ఫ్రాన్ హంటర్, ఇన్‌స్పెక్టర్ పెరెజ్. ఏ అధ్యాయం ఎవరి కళ్ళతో నడుస్తుందో చూసుకుంటూ వెళ్ళండి.

రెండు, మ్యాప్ దగ్గర పెట్టుకోండి. కథ జరిగే రేవెన్స్‌విక్ అనే ఊరు కల్పితం, మ్యాప్‌లో వెతకొద్దు. లెర్విక్, ఫెయిర్ ఐల్ మాత్రం నిజమైనవే.

మూడు, "ఇది ఎలా తెలుసు?" అనే ప్రశ్న. ఎవరైనా పాత్ర ఒక విషయం చెప్పగానే, స్వయంగా చూశారా, విన్నారా, ఊహించారా అని మూడు డబ్బాల్లో ఒక దాంట్లో వేయండి. సగం పుస్తకం అయ్యేసరికి "చూశారా" డబ్బా ఎంత ఖాళీగా ఉందో చూసి మీరే ఆశ్చర్యపోతారు.

నాలుగు, పండగ మీద కన్నేసి ఉంచండి. ప్రతి జనవరి చివరి మంగళవారం లెర్విక్‌లో 'అప్ హెల్లీ ఆ' అనే అగ్ని ఉత్సవం జరుగుతుంది. వైకింగ్ వేషాలు, రకరకాల మారువేషాలు, వందల మంది చేతుల్లో కాగడాలు, చివర్లో ఒక పడవని తగలబెడతారు. ఒకరినొకరు బాగా ఎరిగిన ఊళ్ళో, ఎవరు ఎవరో గుర్తుపట్టలేని రాత్రి అదొక్కటే. కథ ఆ రాత్రి వైపే నడుస్తుంది. ఇంతకుమించి చెప్పను.

ఇంగ్లిష్ కష్టమేమో అని భయపడకండి. వాక్యాలు చిన్నవి, భాష సాదా. షెట్లాండ్ సిరీస్‌లో ఎనిమిది నవలలున్నాయి, ఇది మొదటిది, ఎనిమిదోది 2018లో వచ్చిన 'వైల్డ్ ఫైర్'. 2013 నుంచి 'షెట్లాండ్' పేరుతో టీవీ సిరీస్ కూడా వస్తోంది, ఈ కథ అందులో రెండో సీజన్‌లో ఉంది. నా సలహా, ముందు పుస్తకం. తెర మీద హంతకుల మొహం ఒకసారి చూసేశాక, పుస్తకంలో అనుమానించే ఆనందం పోతుంది.

చదివాక ఒక చిన్న పని చేయండి. పుస్తకంలో ఏ పేజీ దగ్గర మీరు "వీళ్ళే" అని ఫిక్స్ అయ్యారో, ఎందుకు ఫిక్స్ అయ్యారో కామెంట్‌లో రాయండి. పేర్లు మాత్రం రాయకండి, చదవనివాళ్ళు ఉంటారు. ఆ కారణాల్లో సాక్ష్యాలెన్ని, లక్షణాలెన్ని అని వచ్చే ఎపిసోడ్‌లో లెక్కేద్దాం.

అప్పటిదాకా, ఈ రాత్రి ఏదైనా గ్రూప్‌లో ఎవరిదైనా ఫోటో పెట్టి "వీడితో జాగ్రత్త, అందరికీ షేర్ చేయండి" అని వస్తే, ఫార్వర్డ్ నొక్కే ముందు మూడు డబ్బాలు గుర్తు చేసుకోండి. చూశారా, విన్నారా, ఊహించారా? ఉంటాను మరి, బై.